కాలేజీ కుర్రాడు జాతీయ జట్టు కంట్లో పడేదెలా? అమెరికా సాకర్ లెక్క ఇదీ

2022 ఖతర్ ప్రపంచకప్ చూసినవాళ్ళకు అమెరికా గోల్‌కీపర్ మ్యాట్ టర్నర్ గుర్తుండే ఉంటాడు. ఇంగ్లండ్‌కు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఇరాన్‌పై 1-0తో గెలిచి జట్టు నాకౌట్‌కు చేరిన రోజు కూడా గోల్ ముందు నిలబడింది అతనే. నాలుగు మ్యాచ్‌లూ ఆడాడు. ఈ టర్నర్ చదివింది కనెక్టికట్‌లోని ఫెయిర్‌ఫీల్డ్ యూనివర్సిటీలో. సాకర్‌కు పెద్ద పేరున్న చోటు కాదది. అమెరికా పిల్లల జాతీయ జట్లు, అంటే అండర్-17, అండర్-20, దేంట్లోనూ అతను ఆడలేదు. 2016లో కాలేజీ ఆటగాళ్ళను క్లబ్బులు పంచుకునే డ్రాఫ్ట్‌లో కూడా అతని పేరు ఎవరూ పిలవలేదు. ఆరేళ్ళ తర్వాత అదే మనిషి దేశానికి నంబర్ వన్ గోల్‌కీపర్.

అమెరికాలో ఉన్న తెలుగు ముస్లిం కుటుంబాల్లో పిల్లల్ని సాకర్ క్లబ్బులో వేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. పిల్లవాడు బాగా ఆడుతున్నాడంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న, చదువా, ఆటా? రెండోది, కాలేజీకి పంపితే జాతీయ జట్టు వాళ్ళు చూస్తారా, చూడరా? రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిది కొంచెం సులువవుతుంది. చూస్తారు. కానీ ఆలస్యంగా చూస్తారు, కొందర్ని అసలు చూడరు. దానికి కారణం ఆట కన్నా క్యాలెండర్‌లో ఎక్కువ ఉంది.

పుట్టిన తేదీ దగ్గరే సగం తేలిపోతుంది

ఫిఫా పిల్లల టోర్నీలకు వయసు లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. 2025లో చిలీలో జరిగిన అండర్-20 ప్రపంచకప్‌కు 2005 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళే అర్హులు. 2027 టోర్నీ అజర్‌బైజాన్, ఉజ్బెకిస్తాన్‌లలో. దానికి 2007 జనవరి 1 గీత.

అమెరికా స్కూళ్ళ లెక్క వేరు. చాలా రాష్ట్రాల్లో సెప్టెంబర్ 1కి అటూ ఇటూగా గీత గీస్తారు. అంటే 2006 సెప్టెంబర్ నుంచి 2007 ఆగస్టు దాకా పుట్టిన పిల్లలంతా ఒకే క్లాసు. అందరూ 2025 జూన్ ప్రాంతంలో హైస్కూల్ పూర్తిచేసి ఆగస్టులో కాలేజీలో చేరతారు. అదే క్లాసులో, అదే టీమ్‌లో ఇద్దరు కుర్రాళ్ళున్నారనుకోండి. ఒకడు 2006 డిసెంబర్‌లో, ఇంకొకడు 2007 మార్చిలో పుట్టాడు. మార్చి కుర్రాడికి 2027 ప్రపంచకప్ దాకా కాలేజీలో తనను తాను చూపించుకునే సమయం ఉంది. డిసెంబర్ కుర్రాడికి మిగిలింది 2025 టోర్నీ ఒక్కటే, అదీ అతను కాలేజీలో అడుగుపెట్టిన నెల రోజులకే మొదలైంది. ఆట ఇద్దరిదీ సమానమైనా, రెండోవాడి ఫైలు తెరవకముందే మూసేసినట్టే.

దీనికి తోడు క్లబ్ సాకర్ గీత కూడా మారుతోంది. 2016-17 ప్రాంతంలో అమెరికా యూత్ క్లబ్బులన్నీ పుట్టిన సంవత్సరం లెక్కకు మారాయి. ఇప్పుడు 2026-27 సీజన్ నుంచి ప్రధాన యూత్ సంస్థలు మళ్ళీ ఆగస్టు 1 లెక్కకు వెళ్తున్నాయి. పిల్లలు తమ క్లాసువాళ్ళతో కలిసి ఆడటానికి ఇది మంచిదే. కానీ ఫిఫా లెక్క జనవరి 1 దగ్గరే ఉంటుంది. క్లబ్బులో ఒక గ్రూపు, జాతీయ జట్టు దృష్టిలో ఇంకో గ్రూపు. తల్లిదండ్రులు ఈ రెండూ కలిపేసుకుని కంగారు పడటం మామూలే.

ఇక అసలు చిక్కు సీజన్. అమెరికా కాలేజీ సాకర్ ఆగస్టు చివర్లో మొదలై డిసెంబర్ మధ్యకు ముగుస్తుంది. ఎన్‌సీఏఏ అనే సంస్థ కింద ఉండే డివిజన్-1లో మగపిల్లల జట్లే 200 పైచిలుకు, ఆడపిల్లలవి 300 దాటతాయి. మూడు నెలల్లో వారానికి రెండేసి మ్యాచ్‌లు, ఆ పైన నాకౌట్ టోర్నీ. చిలీ అండర్-20 ప్రపంచకప్ జరిగింది 2025 సెప్టెంబర్ 27 నుంచి అక్టోబర్ 19 వరకు. సరిగ్గా కాలేజీ సీజన్ నడిబొడ్డున. జాతీయ జట్టుకు వెళ్తే కాలేజీలో ఆటా పోతుంది, క్లాసులూ పోతాయి. వెళ్ళకపోతే ప్రపంచకప్ పోతుంది. అర్హత పోటీలు ఏడాది ముందే జరుగుతాయి కాబట్టి అప్పటికే ఒక గుంపు కుదురుకుని ఉంటుంది. కాలేజీ నుంచి కొత్తగా ఒకణ్ణి తెచ్చి అందులో ఇరికించాలంటే కోచ్‌కు గట్టి కారణం కావాలి.

ఒకప్పుడు ఇలా లేదు. 2003లో యూఏఈలో జరిగిన ప్రపంచ యూత్ చాంపియన్‌షిప్‌కు వెళ్ళిన అమెరికా జట్టులో క్లింట్ డెంప్సీ ఉన్నాడు. అప్పటికి అతను సౌత్ కరోలినాలోని ఫర్మన్ యూనివర్సిటీ విద్యార్థి. తర్వాత దేశం తరఫున 57 గోల్స్ కొట్టి లాండన్ డానవన్ రికార్డుతో సమానంగా నిలిచాడు. ఆ రోజుల్లో 18, 19 ఏళ్ళ అమెరికన్ కుర్రాడికి సరైన ఆట దొరికే చోటు కాలేజే. 2007లో యూఎస్ సాకర్ డెవలప్‌మెంట్ అకాడమీ పెట్టింది. 2008లో ప్రొఫెషనల్ లీగ్ ఎంఎల్‌ఎస్ హోమ్‌గ్రోన్ నిబంధన తెచ్చింది, అంటే క్లబ్బు తన అకాడమీలో పెంచుకున్న పిల్లవాణ్ణి డ్రాఫ్ట్ లేకుండా నేరుగా సంతకం చేయించుకోవచ్చు. 2020లో కరోనా సమయంలో ఆ డెవలప్‌మెంట్ అకాడమీ మూతపడి, దాని స్థానంలో ఎంఎల్‌ఎస్ నెక్స్ట్ వచ్చింది. ఫలితం ఏమిటంటే, 16 ఏళ్ళకే అందరి కంట్లో పడ్డవాళ్ళు కాలేజీ మెట్లెక్కడం మానేశారు. చిలీకి వెళ్ళిన అండర్-20 జట్టులో దాదాపు అందరూ ప్రొఫెషనల్ క్లబ్బుల వాళ్ళే. ఆ జట్టు క్వార్టర్ ఫైనల్లో మొరాకో చేతిలో 3-1తో ఓడింది. మొరాకో ఆపైన కప్పే ఎత్తుకుపోయింది, ఆ సంతోషం మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

మరి కాలేజీలో మిగిలేదెవరు? ఎత్తు ఆలస్యంగా పెరిగినవాళ్ళు, అకాడమీ లేని ఊరి పిల్లలు, క్లబ్బు ఫీజులు కట్టలేని ఇళ్ళ పిల్లలు, డిగ్రీ ముందు, ఆట తర్వాత అని తల్లిదండ్రులు గట్టిగా నిలబడ్డ ఇళ్ళవాళ్ళు. ఈ గుంపులోంచే టర్నర్‌లు వస్తారు.

చూసేవాళ్ళు ఏం చూస్తారు

అజయ్ దేవ్‌గన్ నటించిన ‘మైదాన్’ సినిమాలో మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఊరూరూ తిరిగి ఆటగాళ్ళను ఏరుకోవడం చాలామంది చూసే ఉంటారు. 1950లలో అలా కుదిరింది. 200 కాలేజీలు, వారానికి రెండు మ్యాచ్‌లు అంటే ఏ రహీం సాబ్ వల్లా కాదు. అందుకే పని జాబితాతో మొదలవుతుంది. యూఎస్ సాకర్ స్కౌట్లు, క్లబ్బుల వాళ్ళు, కాలేజీ సాకర్ రాసే విలేకరులు, అందరూ ముందు తయారుచేసుకునేది పేర్ల పట్టికే.

ఆ పట్టిక తయారీయే ఓ పరీక్ష. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఆటగాడి ఎత్తు, ఊరు, హైస్కూల్, ఏ సంవత్సరం విద్యార్థి, అన్నీ ఉంటాయి. పుట్టిన తేదీ మాత్రం సాధారణంగా ఉండదు. ‘ఫ్రెష్‌మన్’ అని రాసి ఉంటే 18 ఏళ్ళవాడని అనుకుంటాం. కానీ గాయంతో ఒక సీజన్ కూర్చున్నవాడు కావచ్చు, ప్రెప్ స్కూల్‌లో ఏడాది ఎక్కువ చదివి వచ్చినవాడు కావచ్చు. జర్మనీ నుంచో నార్వే నుంచో వచ్చిన ఫ్రెష్‌మన్ 20, 21 ఏళ్ళవాడు కూడా కావచ్చు. డివిజన్-1 మగపిల్లల జట్లలో విదేశీ విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కాబట్టి ట్రాక్ చేసేవాళ్ళు వెనక్కి వెళ్ళి, ఆ కుర్రాడు పాత క్లబ్బులో ఏ వయసు గ్రూపులో ఆడాడో చూసి పుట్టిన సంవత్సరం తేల్చుకుంటారు. అప్పుడు గానీ అతను ఏ ప్రపంచకప్ బ్యాచ్‌కు పనికొస్తాడో తెలియదు.

తర్వాత చూసేది గోల్స్ కాదు, నిమిషాలు. లాభం అంకె ఒక్కటే చూసి కంపెనీ షేర్లు కొంటే ఏమవుతుందో, గోల్స్ కాలమ్ చూసి ఆటగాణ్ణి ఎంచుకున్నా అదే అవుతుంది. 18 ఏళ్ళ డిఫెండర్ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లాంటి గట్టి లీగ్‌లో, 22 ఏళ్ళ ఫార్వర్డ్‌ల మీద మ్యాచ్ మొత్తం ఆడుతున్నాడంటే అది పెద్ద వార్త. బలహీనమైన జట్ల మీద రెండు హ్యాట్రిక్‌లు అంత పెద్ద వార్త కాదు.

నిమిషాల్లో కూడా ఒక మెలిక ఉంది. మామూలు ఫుట్‌బాల్‌లో బయటికి వెళ్ళిన ఆటగాడు ఇక అంతే. కాలేజీ నిబంధనల్లో కొన్ని షరతులతో మళ్ళీ మైదానంలోకి రావచ్చు. పదిహేను నిమిషాలు పరుగెత్తి, కూర్చుని, ఊపిరి పీల్చుకుని మళ్ళీ దిగేవాడి జోరు చూసి మోసపోకూడదు. వాడే 90 నిమిషాలు ఆపకుండా ఆడాల్సి వస్తే 70వ నిమిషంలో ఎలా ఉంటాడన్నది కాలేజీ ఆట చెప్పదు. అందుకే వేసవిని వదలరు. మే నుంచి జూలై దాకా నడిచే యూఎస్‌ఎల్ లీగ్-2లో కాలేజీ ఆటగాళ్ళు తమ అర్హత పోకుండా ఆడుకోవచ్చు. ఊరు మారుతుంది, కోచ్ మారతాడు, పక్కన ఆడేవాళ్ళు మారతారు. అయినా కుర్రాడు అలాగే ఆడుతున్నాడా? ఈ ఒక్క ప్రశ్న కోసమే వేసవి మ్యాచ్‌లకు వెళ్ళే స్కౌట్లున్నారు.

అప్పుడప్పుడూ అదృష్టం కూడా పనిచేస్తుంది. 2014 ప్రపంచకప్ ముందు అమెరికా సీనియర్ జట్టు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శిక్షణ తీసుకుంది. అక్కడి కాలేజీ జట్టుతో ఒక ప్రాక్టీస్ మ్యాచ్ పెట్టుకుంది. అందులో జోర్డన్ మోరిస్ అనే విద్యార్థి కోచ్ యుర్గన్ క్లిన్స్‌మన్ కంట్లో పడ్డాడు. అదే ఏడాది నవంబర్‌లో ఐర్లాండ్‌పై దేశం తరఫున దిగాడు. 2015 ఏప్రిల్‌లో మెక్సికోపై గోల్ కొట్టాడు, అప్పటికీ స్టాన్‌ఫర్డ్ విద్యార్థే. ఆ ఏడాదే స్టాన్‌ఫర్డ్ జాతీయ చాంపియన్ అయింది. సీనియర్ జట్టు శిక్షణకు ఆ క్యాంపస్‌నే ఎంచుకోకపోతే అతని పేరు పైకి రావడానికి ఇంకెంత కాలం పట్టేదో.

ప్యాట్రిక్ అగ్యెమాంగ్‌ది ఇంకా దూరం దారి. ఈస్టర్న్ కనెక్టికట్ స్టేట్ అనే డివిజన్-3 కాలేజీలో మొదలుపెట్టాడు. డివిజన్-3 అంటే ఆట కోసం స్కాలర్‌షిప్ అనేదే ఇవ్వని విభాగం. అక్కణ్ణుంచి రోడ్ ఐలాండ్ యూనివర్సిటీకి మారాడు. 2023 డ్రాఫ్ట్‌లో షార్లెట్ ఎఫ్‌సీ 12వ పేరుగా తీసుకుంది. 2025 జనవరిలో 24 ఏళ్ళ వయసులో వెనెజులాపై సీనియర్ జట్టుకు మొదటి మ్యాచ్ ఆడి గోల్ కొట్టాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో డర్బీ కౌంటీకి వెళ్ళాడు. అతనితో పాటు 2025 గోల్డ్ కప్ ఆడిన గోల్‌కీపర్ మ్యాట్ ఫ్రీజ్ హార్వర్డ్‌లో చదివాడు. హార్వర్డ్ కూడా ఐవీ లీగ్ కాబట్టి ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వదు.

స్కాలర్‌షిప్ గురించి కొంచెం లెక్క

‘సాకర్ స్కాలర్‌షిప్ వచ్చింది’ అని బంధువులు చెప్పగానే ఫీజంతా మాఫీ అనుకుంటారు. నిన్నమొన్నటి దాకా డివిజన్-1 మగపిల్లల జట్టు మొత్తానికి ఉన్న పరిమితి 9.9 స్కాలర్‌షిప్‌లు. 28 మందికి సమానంగా పంచితే తలా 35 శాతం. స్టాన్‌ఫర్డ్‌లాంటి ప్రైవేటు యూనివర్సిటీలో ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటుతుంది. అందులో 35 శాతం పోయినా ఇంకా 52 వేలు మిగులుతుంది, అది ఇంటివాళ్ళే తెచ్చుకోవాలి. ఆడపిల్లల జట్లకు పరిమితి 14. 2025 జూన్‌లో ‘హౌస్’ కేసు సెటిల్‌మెంట్‌ను కోర్టు ఆమోదించాక, అందులో చేరిన యూనివర్సిటీలకు ఈ పరిమితులు పోయి, జట్టుకు 28 మంది అనే కొత్త పరిమితి వచ్చింది. 28 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. ఇవ్వాలని ఎక్కడా లేదు. ‘ఇవ్వొచ్చు’ అనే మాటకూ చేతికొచ్చే లెటర్‌కూ మధ్య చాలా దూరం ఉంది, కోచ్ ఫోన్‌లో చెప్పింది కాదు, కాగితం మీద ఏముందో చూసుకోవాలి.

అవతలి పళ్ళెంలో ఎంఎల్‌ఎస్ ఒప్పందం. 2025లో రిజర్వ్ ఆటగాడికి కనీస జీతం 80 వేల డాలర్ల పైచిలుకు. వినడానికి బాగుంది, కానీ రెండేళ్ళలో వదిలేస్తే డిగ్రీ ఉండదు. జనరేషన్ అడిడాస్ అనే ఒప్పందంలో మాత్రం కాలేజీ మధ్యలో వదిలి వచ్చే కుర్రాడికి తర్వాత చదువు పూర్తిచేయడానికి డబ్బు కూడా కలుపుతారు. అది దొరికేది చాలా కొద్దిమందికి.

ఆడపిల్లల దారి వేరు

ఇప్పటిదాకా చెప్పింది ఆడపిల్లల విషయంలో దాదాపు తిరగబడుతుంది. 1972లో వచ్చిన టైటిల్-9 చట్టం ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థలు ఆడపిల్లల పట్ల వివక్ష చూపకూడదంది. దాంతో కాలేజీల్లో ఆడపిల్లల సాకర్ జట్లు వందల్లో పుట్టాయి. నార్త్ కరోలినా యూనివర్సిటీ కోచ్ ఆన్సన్ డోరన్సే 1991లో మొదటి మహిళల ప్రపంచకప్ గెలిచిన అమెరికా జట్టుకూ కోచ్. అంటే కాలేజీయే జాతీయ జట్టు నర్సరీ.

ఇప్పటికీ ఆ బంధం తెగలేదు. 2024లో కొలంబియాలో జరిగిన అండర్-20 మహిళల ప్రపంచకప్‌లో అమెరికా మూడో స్థానం తెచ్చుకుంది. ఆ జట్టులో ఫ్లోరిడా స్టేట్ నుంచి జోర్డిన్ డడ్లీ, నార్త్ కరోలినా నుంచి మ్యాడీ డాలియన్‌లాంటి విద్యార్థినులున్నారు. టోర్నీ ఆగస్టు 31న మొదలైంది, కాలేజీ సీజన్ మధ్యలోనే. కాలేజీలు కొన్ని వారాలు వాళ్ళు లేకుండానే ఆడాయి. డిసెంబర్‌లో నార్త్ కరోలినా జాతీయ టైటిల్ కూడా గెలిచింది. 2026 టోర్నీ పోలండ్‌లో, మళ్ళీ సెప్టెంబర్‌లోనే.

అయితే ఇక్కడ కూడా మార్పు మొదలైంది. సోఫియా స్మిత్ రెండు సీజన్ల తర్వాత స్టాన్‌ఫర్డ్ వదిలింది. ట్రినిటీ రాడ్మన్ కాలేజీ తరఫున ఒక్క మ్యాచ్ ఆడకుండానే ప్రొఫెషనల్ అయింది. 2024లో మహిళల లీగ్ డ్రాఫ్ట్ పద్ధతినే తీసేసింది. ఇక అడగనక్కర్లేకుండా అందరి మనసులో ఉండే ప్రశ్న, హిజాబ్. అంతర్జాతీయ ఆటలో 2014 నుంచి తల కప్పుకుని ఆడటానికి అనుమతి ఉంది. 2023 మహిళల ప్రపంచకప్‌లో మొరాకో డిఫెండర్ నుహైలా బెంజీనా హిజాబ్‌తోనే ఆడింది. రంజాన్ విషయానికొస్తే, రాబోయే మూడు నాలుగేళ్ళు అది జనవరి-మార్చి మధ్యే వస్తుంది కాబట్టి కాలేజీ సీజన్‌కు అడ్డు కాదు. వసంతకాలం ప్రాక్టీసుకు మాత్రం రోజాతోనే వెళ్ళాలి.

పాస్‌పోర్ట్ లేనిదే పేరు లేదు

డాలస్ పక్కన అర్వింగ్‌లోనో, షికాగో డెవాన్ అవెన్యూ చుట్టుపక్కలో ఉండే మన కుటుంబాలు అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే, సాధారణంగా అందరూ చివర చూసుకునేదీ ఇదే. జాతీయ జట్టుకు ఆడాలంటే ఆ దేశ పౌరసత్వం ఉండాలి. అమెరికాలో పుట్టిన పిల్లలకు ఈ గొడవ లేదు. మూడేళ్ళ వయసులో హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో హెచ్-4 వీసా మీద వెళ్ళిన అన్నకు ఉంది, అక్కడ పుట్టిన తమ్ముడికి లేదు. గ్రీన్ కార్డ్ సరిపోదు. గ్రీన్ కార్డ్ ఉంటే ఎంఎల్‌ఎస్ క్లబ్బు అతన్ని స్వదేశీ ఆటగాడిగా లెక్కేస్తుంది, జాతీయ జట్టు మాత్రం లెక్కెయ్యదు. భారతీయులకు గ్రీన్ కార్డ్ క్యూ ఎంత పొడవో చెప్పక్కర్లేదు, 21 ఏళ్ళు నిండితే హెచ్-4 కూడా పోతుంది. అండర్-20 వయసు అంతకన్నా ముందే దాటిపోతుంది.

పౌరసత్వం వచ్చాక ఫిఫా గీత ఇంకోటి ఉంది. ఆ దేశంలో పుట్టక, తల్లిదండ్రులు, తాత-అమ్మమ్మలు కూడా అక్కడ పుట్టనివాళ్ళు ఎన్నేళ్ళు అక్కడ ఉన్నారో చూపాలి. 2020లో మార్చిన నిబంధన ప్రకారం పదేళ్ళ లోపు వెళ్ళినవాళ్ళకు కనీసం మూడేళ్ళు, ఆ తర్వాత వెళ్ళినవాళ్ళకు ఐదేళ్ళు. బ్రెజిల్‌లో పుట్టి 12 ఏళ్ళకు అమెరికా వెళ్ళిన కటరీనా మకారియో దీనికి మంచి ఉదాహరణ. స్టాన్‌ఫర్డ్‌లో ఆడుతూ దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాళ్ళకిచ్చే హెర్మన్ ట్రోఫీ రెండుసార్లు గెలిచింది. అయినా 2020 అక్టోబర్‌లో పౌరసత్వం, 2021 జనవరిలో ఫిఫా అనుమతి వచ్చేదాకా అమెరికా జట్టుకు ఆడలేకపోయింది.

భారత్‌కు ఆడిస్తే పోలా అనే ఆలోచన కూడా కొన్ని ఇళ్ళల్లో వస్తుంది. ఓసీఐ కార్డు దానికి పనికిరాదు, భారత పాస్‌పోర్టే కావాలి, ద్వంద్వ పౌరసత్వం మన దేశంలో లేదు. బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు ర్యాన్ విలియమ్స్ 2025లో ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకున్నాకే భారత పాస్‌పోర్ట్ తీసుకున్నాడు.

హెచ్-4 నుంచి ఎఫ్-1 వీసాకు మారి కాలేజీలో ఆడే పిల్లలకు ఇంకో జాగ్రత్త. 2025 జూలై నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్ళకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు సంపాదించే డబ్బుకు మాత్రం వీసా షరతులున్నాయి. కాలేజీ ఆఫీసు పంపిన కాగితమైనా సరే, ఇమ్మిగ్రేషన్ లాయర్‌కు చూపించకుండా సంతకం పెట్టొద్దు. తల్లిదండ్రుల్లో ఒకరికి పౌరసత్వం వచ్చి, పిల్లవాడు గ్రీన్ కార్డ్‌తో వాళ్ళ దగ్గరే ఉంటూ ఇంకా 18 నిండకపోతే, అతనికి పౌరసత్వం దానంతటదే వస్తుంది. ఆ రోజు నుంచి అతని పేరు కూడా ఆ పట్టికలో రాసుకోవచ్చు.